మిల్లు మీద సోలార్ పెట్టి ఏడాదైంది, ఉన్నదున్నట్టు చెబుతున్నాను

గజపతినగరంలో మా పిండి మిల్లుకి వచ్చే అందరికీ నమస్కారం. పోయిన ఏడాది సంక్రాంతి అయ్యాక మిల్లు డాబా మీద 10 కిలోవాట్ల సోలార్ పెట్టించాను కదా, అప్పట్నుంచి దత్తిరాజేరు నుంచి చోళ్ళు తెచ్చేవాళ్ళయినా, పక్కవీధి వాళ్ళయినా అడిగేది ఒకటే, కూలి ఎప్పుడు తగ్గిస్తావని. మొన్న ఒక మామ్మగారు మిరపకాయల సంచి కాటా మీద పెడుతూ "ఏటి బాబూ, ఎండేటి డబ్బులడుగుతాదా, మరి నువ్వెందుకడుగుతున్నావ్" అన్నారు. నవ్వేసి ఊరుకున్నాను. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఎండ అడగదు, బ్యాంకు అడుగుతుంది. ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టుకుంటే కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది, మిల్లుకి అది రాదు. కరెంటు బిల్లు బాగా తగ్గిన మాట నిజమే గానీ ఆ తగ్గినదంతా నెలనెలా వాయిదాకే పోతోంది. అందుకని ఈ ఏడాది కూలి తగ్గించలేను, పెంచను కూడా. అప్పు తీరాక అడగండి, తప్పించుకోను.

ఇంకో సంగతి, కరెంటు పోతే మిల్లు ఆగిపోవడం. పెట్టించిన కొత్తలో "ఇక మనకి కోతల్లేవు" అని నేనే గొప్పలు పోయాను, తప్పు నాదే. మాది లైనుతో కలిపిన సోలార్. లైన్లో కరెంటు పోగానే, ప్యానెళ్ళ కరెంటుని లైను కరెంటుగా మార్చే ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది, ఆగాలి కూడా, లేకపోతే మా డాబా మీది కరెంటు లైన్లోకి వెళ్ళి స్తంభమెక్కిన లైన్‌మాన్‌కి షాక్ కొడుతుంది. బ్యాటరీలు పెట్టొచ్చు కదా అంటారు. 10 హెచ్‌పీ మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్లు లాగుతుంది, దానికి సరిపోయే బ్యాటరీల ధర విన్నాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. 2014లో హుద్‌హుద్‌కి రోజుల తరబడి మిల్లు మూసుకుని కూర్చున్నాం, ఊళ్ళో అటకల మీది తిరగళ్ళు కిందికి దిగాయి. అలాంటి తుపాను మళ్ళీ వస్తే ఇంత సోలార్ పెట్టుకుని కూడా అలాగే కూర్చోవాలి.

డిసెంబరులో జరిగింది చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. ఆకాశం శుభ్రంగా ఉంది, అయినా రోజుకి 38 యూనిట్లు వచ్చేది 28కి పడిపోయింది. బిగించిన కుర్రాడికి ఫోన్ చేసి నాలుగు మాటలన్నాను. అతను "ఒకసారి పైకెక్కి చూడండి సార్" అన్నాడంతే. ఎక్కి చూస్తే ఏముంది, మన మిల్లు పిండే! గాలికి లేచిన దుమ్ము ప్యానెళ్ళ మీద పడి, రాత్రి మంచుకి తడిసి, పొద్దున్న ఎండకి అట్టు కట్టినట్టు అంటుకుపోయింది, వేలితో గీకితే పొర లేచింది, దాని మీద పావురాల రెట్టలు అదనం. వెంటనే ఆ కుర్రాడికి సారీ చెప్పాను. (ఎండ మండితే కరెంటు ఎక్కువొస్తుందనుకుంటారు గానీ, అదీ కాదు, ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మాకు మే కంటే మార్చే నయం.)

వీలైతే పది నుంచి మూడు లోపు రండి. రాత్రి ఆడించినా మీటరు లెక్కలో పగలు మేం పంపిందీ రాత్రి తీసుకున్నదీ సరిపెట్టేస్తారు, నాకేం నష్టం లేదు. కానీ సాయంత్రం ఊరంతా లైట్లు, ఏసీలు వేసేసరికి వోల్టేజీ పడిపోయి మోటారు కాలుతోంది, పైగా ఆ వేళప్పుడు లైన్లో వచ్చేది ఎక్కువగా బొగ్గు కరెంటే. కాగితం మీద సరిపోయినంత మాత్రాన పగటి ఎండ రాత్రికి దాచినట్టు కాదు కదా. నిజంగా దాచాలంటే ఎగువ సీలేరు దగ్గర తలపెట్టిన 1,350 మెగావాట్ల ప్రాజెక్టు లాంటివి రావాలి, మిగిలిన కరెంటుతో నీళ్ళు పైకి తోడి పెట్టుకుని, అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు, మన డాబా మీది ట్యాంకు లాంటిదే, పెద్దది.

ఇకనుంచి ఆదివారం మిల్లు తొమ్మిదికి తెరుస్తాం. ప్యానెళ్ళు వేడెక్కక ముందే కడగాలి, కాలిన అద్దం మీద చన్నీళ్ళు పోస్తే పగలొచ్చు. అరిసెల పిండికి మాత్రం ఈ టైములేమీ లేవు, తడి బియ్యం ఆగదు, ఎప్పుడు తెచ్చినా ఆడతాం.