బడి ట్యాబ్ ఇంట్లో ఏమేం చూడవచ్చు? విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలాకాలం పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాడిని. ప్రభుత్వం పిల్లలకు ఇచ్చిన ట్యాబులలో అమర్చిన పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ ఏమేం చూస్తుందో, ఆ వివరాలు ఎవరికి చేరతాయో, ఎంతకాలం ఉంటాయో తెలిపే కాగితం నాకు తెలిసిన తల్లిదండ్రులలో ఎవరి చేతికీ రాలేదు. ఈ విషయంపై స్పష్టమైన ఉత్తర్వు ఒకటి వెలువరించవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు ట్యాబుల పంపిణీని ప్రారంభించింది. ఆ విడతలోనే 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో మరో విడత ఇచ్చారు. వాటిలో అవాంఛనీయమైన సైట్లు తెరుచుకోకుండా ఏర్పాటు ఉందని, పిల్లలు ఏం చూస్తున్నారో ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు తెలుస్తుందని అప్పట్లో ప్రకటించారు. ఆ మాటకు అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. పదమూడేళ్ల పిల్లవాడికి అశ్లీల దృశ్యాలు, డబ్బు పందేల ఆటలు అందకుండా అడ్డుకోవడం పెద్దల బాధ్యత. అయితే ఒక సైటును మూసివేయడం వేరు, పిల్లవాడు ఏ వేళలో ఏం వెతికాడో, ఏం రాశాడో, ఎక్కడ ఉన్నాడో నమోదు చేసి దాచడం వేరు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో ముందే నిర్ణయించుకోకపోతే ఏం జరుగుతుందో అమెరికాలోని ఒక బడుల యంత్రాంగం అనుభవం చెబుతుంది.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఫిలడెల్ఫియా నగరానికి ఆనుకుని లోయర్ మెరియన్ అనే సంపన్న ప్రాంతం ఉంది. అక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో చదివే సుమారు 2,300 మంది విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి ఇళ్లకు తీసుకువెళ్లనిచ్చారు. దొంగతనానికి గురైతే పట్టుకోవడానికని వాటిలో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాన్ని దూరం నుంచి ఆన్ చేస్తే పదిహేను నిమిషాలకు ఒకసారి కెమెరాతో ఎదుట ఉన్నవారి ఫొటో తీసి, తెర మీద ఉన్నదాన్ని కూడా ఫొటోగా పట్టి బడి సర్వర్‌కు పంపుతుంది. ఈ సంగతి తల్లిదండ్రులకూ చెప్పలేదు, పిల్లలకూ చెప్పలేదు. కెమెరా పక్కన పచ్చ దీపం ఉన్నట్టుండి వెలుగుతోందని పిల్లలు అడిగితే అది సాంకేతిక లోపమని జవాబిచ్చారు. 2009 నవంబర్‌లో పదిహేనేళ్ల విద్యార్థి ఒకరిని సహాయ ప్రధానోపాధ్యాయురాలు పిలిపించి, ఇంట్లో చేయకూడని పని చేస్తున్నావంటూ ల్యాప్‌టాప్ కెమెరా తీసిన ఫొటోను ప్రస్తావించేసరికి గుట్టు బయటపడింది. ఫొటోలో అతని చేతిలో ఉన్నవి మత్తు మాత్రలని ఆమె అనుకున్నారు. అవి మిఠాయి బిళ్లలని కుటుంబం చెప్పింది. అతను నిద్రపోతుండగా, ఒంటిమీద సరిగా బట్టలు లేని స్థితిలో కూడా ఫొటోలు తీసినట్టు తేలింది. ఆ ల్యాప్‌టాప్ ఎవరూ దొంగిలించినది కాదు. కుటుంబం కట్టవలసిన 55 డాలర్ల బీమా రుసుము బాకీ ఉండగా అతను దాన్ని ఇంటికి తీసుకువెళ్లాడు, అంతే.

విచారణలో ఫొటోలు, తెర చిత్రాలు కలిపి 50,000కు పైగా బయటపడ్డాయి. వాటిలో అధిక భాగం, పోయిన ల్యాప్‌టాప్‌లు దొరికిన తర్వాత కూడా సాఫ్ట్‌వేర్‌ను ఆపకుండా వదిలేయడం వల్ల పోగుపడినవి. 2010 అక్టోబర్‌లో విద్యార్థుల తరఫున వేసిన దావా 6,10,000 డాలర్ల చెల్లింపుతో పరిష్కారమైంది; నేరం చేయాలన్న ఉద్దేశం రుజువు చేసే ఆధారాలు లేవని కేంద్ర ప్రభుత్వ న్యాయవాదులు క్రిమినల్ కేసు పెట్టలేదు. నన్ను ఎక్కువగా కలవరపరిచిన సంగతి మరొకటి ఉంది. 2008లోనే, అక్కడి సాంకేతిక విభాగంలో పనిచేస్తున్న ఒక విద్యార్థి, ఈ ఏర్పాటును పిల్లలకు చెప్పకపోవడం తప్పని ఆ విభాగం అధికారిణికి రాశాడు. ఇళ్లలో పిల్లలపై నిఘా పెట్టడానికి తాను ఎన్నటికీ ఒప్పుకోనని ఆ అధికారిణి భరోసా ఇచ్చారు. ఆ భరోసా ఇచ్చినప్పుడు ఆమె అబద్ధం చెప్పారని నేను అనుకోను. రాతపూర్వకమైన నియమం లేనిచోట మంచి ఉద్దేశం ఎవరినీ కాపాడలేదు.

లోయర్ మెరియన్ పిల్లలకు విడి గదులైనా ఉన్నాయి. మన ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలలో చాలామంది ఇల్లు అంటే ఒక గది, ఒక వసారా. అక్కడే వంట, అక్కడే నిద్ర, బట్టలు మార్చుకోవడమూ అక్కడే. బడి ఇచ్చిన ట్యాబ్ ఆ ఇంటికి వెళితే దాని ఎదుట ఉండేది విద్యార్థి ఒక్కడే కాదు. అన్న ఉద్యోగ నోటిఫికేషన్ చూస్తాడు, తల్లి తన జబ్బు గురించి వెతికించుకుంటుంది, తండ్రి బ్యాంకు సంగతి కనుక్కుంటాడు. పరికరాన్ని చదువుకే వాడాలని మనం ఎంత చెప్పినా, ఇంట్లో ఉన్న ఒకే ఒక పెద్ద తెరను అలా వాడుకోవడం సహజం. సొంత ల్యాప్‌టాప్ కొనగలిగిన కుటుంబం పిల్లవాడి మీద ఏ బడీ ఈ నిఘా పెట్టదు. ప్రభుత్వ సాయం తీసుకున్నందుకు పేద కుటుంబం తన గుట్టును మూల్యంగా చెల్లించాలనడం అన్యాయం.

ఇంకొక మాట ఉపాధ్యాయుడిగా చెప్పాలి. తొమ్మిదో తరగతి అమ్మాయికి ఇంట్లో పెళ్లి సంబంధం చూస్తున్నారనుకోండి. ఆ పెళ్లి చట్టవిరుద్ధమా, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తే ఏమవుతుంది అని ఆమె ట్యాబ్‌లోనే వెతుకుతుంది. ఆ వెతుకులాట వివరాలు తండ్రికి చేరితే ఆమె గతి ఏమిటి? బడిలోనే ఒక పెద్దమనిషి తనతో అసభ్యంగా ప్రవర్తిస్తుంటే ఎవరికి చెప్పుకోవాలో తెలుసుకోవాలనుకున్న పిల్ల, తాను చూసేదంతా ఆ బడివాళ్లకే కనిపిస్తుందని తెలిస్తే నోరు మూసుకుని ఊరుకుంటుంది. నెలసరి గురించి, శరీరంలో వచ్చే మార్పుల గురించి అడగడానికి సిగ్గుపడే పిల్లలను తరగతి గదిలో ఎందరినో చూశాను. ఎవరూ చూడరన్న నమ్మకం ఉంటేనే వాళ్లు అడుగుతారు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. తెలిసీ తెలియని వయసులో చేసిన పొరపాట్లు పిల్లలను జీవితమంతా వెంటాడకూడదని జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ ఆ తీర్పులో ప్రత్యేకంగా రాశారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల కదలికలను, ప్రవర్తనను ట్రాక్ చేయడాన్ని నిషేధించింది. అయితే 2025 నవంబర్‌లో వచ్చిన నియమాలు విద్యాసంస్థలకు మినహాయింపు ఇచ్చాయి. చదువుకు సంబంధించిన పనులకు గాని, పిల్లల భద్రత కోసం గాని పర్యవేక్షించవచ్చు. భద్రత అన్న ఈ ఒక్క మాట కింద దేన్నయినా సమర్థించుకోవచ్చు. కాబట్టి దానికి హద్దు గీయవలసిన బాధ్యత ఇప్పుడు రాష్ట్ర విద్యాశాఖ మీద పడింది.

పోగుచేసిన వివరాలు భద్రంగా ఉంటాయన్న హామీ కూడా నిలబడేది కాదు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక ‘దీక్ష’కు చెందిన సుమారు 6 లక్షల మంది విద్యార్థుల వివరాలు, అంతకంటే ఎక్కువమంది ఉపాధ్యాయుల వివరాలు రక్షణ లేని సర్వర్‌లో బయటికి కనబడుతూ ఉన్నాయని 2023 జనవరిలో వెల్లడైంది. మన ట్యాబులకు పాఠాలు సమకూర్చిన బైజూస్ సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మన పిల్లల వాడకం వివరాలు ఏవైనా ఆ సంస్థకు చేరాయా, చేరి ఉంటే ఈనాడు అవి ఎవరి అధీనంలో ఉన్నాయి? దీనికి సమాధానం రాబట్టి ప్రజలకు చెప్పవలసిన అధికారం మీకే ఉంది.

పిల్లల ఆత్మహత్యలను ముందే పసిగట్టడానికి ఈ నిఘా అవసరమని కొందరు వాదిస్తారు. మన రాష్ట్రంలో కళాశాల హాస్టళ్ల నుంచి వచ్చే వార్తలు చదివినవారెవరూ ఆ ఆందోళనను తేలిగ్గా తీసుకోలేరు. కానీ కుంగిపోయిన పిల్లవాడికి కావలసింది తనతో కూర్చుని మాట్లాడే మనిషి. నిఘా సాఫ్ట్‌వేర్‌కు పెట్టే ఖర్చుతో మండలానికొక శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను నియమించడం మేలని నా దృఢమైన అభిప్రాయం.

ఉత్తర్వులో ఏముండాలో నా మనవి ఇది. పిల్లల పరికరంలో కెమెరాను గాని మైకును గాని దూరం నుంచి ఆన్ చేసే అధికారం ఎవరికీ, ఏ కారణం చేతా ఉండకూడదు. ఆ సదుపాయమే ఉండకుండా కొనుగోలు టెండర్‌లోనే షరతు పెట్టాలి. పరికరం పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ప్రధానోపాధ్యాయుడు సంతకం చేసిన తర్వాతే దాన్ని లాక్ చేయడం, ఉన్నచోటు కనిపెట్టడం జరగాలి. దొరికిన రోజే అది ఆగిపోవాలి. బడి వేళల తర్వాత సైట్లను అడ్డుకోవడం తప్ప మరేదీ నమోదు కాకూడదు. పాఠాల ప్రగతికి సంబంధించిన వివరాలను సైతం విద్యా సంవత్సరం ముగియగానే చెరిపివేయాలి, వాటిని ఏ కంపెనీకీ ఇవ్వకూడదు. ఇవన్నీ ఒక పేజీలో, తేలిక తెలుగులో రాసి, తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించాలి. చదవలేని తల్లి కూడా ప్రశ్న అడగగలగాలి. నియమం తప్పినప్పుడు ఫిర్యాదు తీసుకోవడానికి జిల్లాకొక అధికారి పేరు, ఫోన్ నంబరు ఆ పేజీలోనే ఉండాలి.

జూన్‌లో బడులు తెరిచేలోగా ఈ ఉత్తర్వు వెలువడాలని, ఇప్పటికే పిల్లల చేతుల్లో ఉన్న ట్యాబులకు కూడా అది వర్తించాలని, వాటిలోని సాఫ్ట్‌వేర్ ఏమేం నమోదు చేసిందో తెలిపే నివేదికను శాసనసభ ముందుంచాలని సవినయంగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు