మా సంతకాల లెక్క ఏమైంది?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ విదేశీ వార్తల పేజీలో ఓ మూలన చిన్న వార్త వేశారు, ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్ ఎంపీని ఓటర్లు సంతకాలతో దించేశారని. పోనీలే అని ఊరుకున్నాను. నిన్న మా అన్నయ్య ఊరి నుంచి ఫోన్ చేసి "మీ దగ్గర జనం భలే పని చేశార్రా" అనేసరికి ఇక ఉండబట్టలేదు. ఆ సంతకాలు పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మేమెవర్నీ దించలేదండీ. ఆయనే దిగిపోయాడు, అదీ మా లెక్క తేలకముందే.

మా ఎంపీ స్కాట్ బెంటన్ భాగోతం 2023లో అందరూ చూసిందే. బెట్టింగ్ వ్యాపారంలో పెట్టుబడిదారుల్లా నటించిన విలేకర్ల ముందు కూర్చుని, డబ్బిస్తే మీ పని చూసిపెడతానన్నాడు. కెమెరా తిరుగుతోందని తెలీదు పాపం. తప్పని తేల్చి పార్లమెంటు నుంచి 35 రోజులు సస్పెండ్ చేసేసరికి 2024 ఫిబ్రవరి నెలాఖరైంది. ఆ తర్వాత 2015 నాటి చట్టం ప్రకారం రీకాల్ పిటిషన్, అంటే ఎంపీని వెనక్కి పిలిచే సంతకాల పత్రం, తెరిచారు. ఆరు వారాల్లో నియోజకవర్గ ఓటర్లలో పదో వంతు సంతకం పెడితే సీటు పోతుంది. మార్చి 12న మొదలు, ఏప్రిల్ 22 దాకా గడువు. నేను నైట్ డ్యూటీ దిగి నిద్రమొహంతోనే వెళ్లి పెట్టొచ్చాను. మార్చి 25న ఆయన రాజీనామా చేశాడు, పిటిషన్ మూతపడింది. అప్పటికి ఎంతమంది పెట్టారు, పదో వంతు వచ్చిందా రాలేదా అని చెప్పే పనే లేకుండా పోయింది.

సీటు ఖాళీ అయ్యాక ఇంకా గోలేంటి అంటారేమో. ఆపడం తప్పని నేననను, లేని ఎంపీని దించడానికి మిగతా నాలుగు వారాలు టేబుళ్లేసుకుని కూర్చోవడం దండగే. కానీ పెట్టిన సంతకాలైనా లెక్కపెట్టి చెప్పొచ్చుగా! 2018లో ఉత్తర ఐర్లాండ్‌లోని నార్త్ ఆంట్రిమ్‌లో 444 సంతకాలు తక్కువై ఎంపీ బతికిపోయాడు, అయినా 7,099 అని లెక్క చెప్పారు. గెలిచినా ఓడినా జనం మాట నమోదైంది. మాది మాత్రం కాగితాల కట్టలోనే ఉండిపోయింది. రేపు ఆయన "నన్నెవరూ దించలేదు, నా అంతట నేనే తప్పుకున్నా" అంటే కాదనడానికి మా దగ్గర ఏముంది? మాజీ ప్రధాని బోరిస్ జాన్సన్ అయితే ఇంకా ముందు చూపున్నవాడు, 2023లో ఆయన మీద విచారణ చేసిన పార్లమెంటు కమిటీ నివేదిక బయటికి రాకముందే, సస్పెన్షన్ మీద సభలో ఓటు పడకముందే రాజీనామా పడేశాడు. ఇక వెల్లింగ్‌బరోలో పీటర్ బోన్‌ని జనం ఇలాంటి సంతకాలతోనే నిజంగా దించితే, ఉప ఎన్నికలో ఆయన గెలిచిన పార్టీయే ఆయన సహచరికి టికెట్టిచ్చింది. చదివి మా ఆవిడ "ఇదేంటండీ, అచ్చం మన జిల్లాలాగే ఉంది" అంది.

మన సంగతి చెప్పుకుంటే సిగ్గు. ఇక్కడివాడు కనీసం సీటు వదిలాడు. 2014 తర్వాత ఆంధ్రాలో ఒక పార్టీ గుర్తు మీద గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు అవతలి పార్టీలో చేరారు, నలుగురు మంత్రులు కూడా అయ్యారు. 2019లో తెలంగాణలో 12 మంది కలిసి వెళ్లి దానికి విలీనమని పేరు పెట్టుకున్నారు. ఓటేసినవాళ్లని అడిగిన నాథుడు లేడు. మనకి ఎమ్మెల్యేని వెనక్కి పిలిచే చట్టమే లేదు, ఫిర్యాదు చేస్తే స్పీకర్ గారి టేబుల్ మీద ఐదేళ్లు నిద్రపోతుంది. నాకింకో బాధ. కామన్వెల్త్ పౌరుణ్ణని భారత పాస్‌పోర్టు మీదే ఇక్కడ ఓటుంది. సొంత ఊళ్లో 2024 మే 13 ఎన్నికలో ఓటు వెయ్యాలంటే మాత్రం విమానం టికెట్టు కొనుక్కుని వచ్చి క్యూలో నిలబడాలట! నెల జీతం అక్కడికే సరి.

దయచేసి మీ వార్తకి సవరణ వేయండి. "దించేశారు" అన్నచోట "రాజీనామా చేశాడు" అని రాస్తే చాలు, మా అన్నయ్యకి కటింగ్ పంపుకుంటాను. ఇక్కడ 2024 మే 2న ఉప ఎన్నిక. ముందు రోజు మళ్లీ నైట్ డ్యూటీయే పడింది, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని అటు నుంచి అటే వెళ్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, బ్లాక్‌పూల్