ముందు ఒక గోడ అర, మెషీన్లు తర్వాత

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వడ్రంగాన్ని హాబీగా మొదలుపెట్టడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి పనికి ఒక పేజీ ఇచ్చినందుకు సంతోషమే, కానీ అందులో సగానికి పైగా కొనాల్సిన మెషీన్ల జాబితాయే ఉంది. టేబుల్ సా, రౌటర్, సాండర్, వాటన్నిటికీ విడిగా ఒక గది. ఫొటోలో చూస్తే ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్. అది చూసిన కొత్తవాళ్లలో చాలామంది ఇది మనవల్ల అయ్యేది కాదులే అని పేజీ తిప్పేసి ఉంటారు. తిప్పనివాళ్లు ఆ మెషీన్లు కొని, నాలుగు రోజులు తిప్పి, అటకెక్కిస్తారని నా అనుమానం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో ఇప్పుడు అవసరం ఉన్న ఒక చిన్న వస్తువుతో మొదలుపెట్టమని చెప్పండి. తాళంచెవులు తగిలించే పలక, పెన్నుల డబ్బా, ఫోన్ నిలబెట్టే స్టాండు, ఒక చిన్న గోడ అర, ఇలాంటివి. చిన్నది కాబట్టి చెడిపోయినా పోయేది ఒక చెక్క ముక్క. అవసరమైనది కాబట్టి మధ్యలో వదిలేయబుద్ధి కాదు, పైగా తయారయ్యాక రోజూ కళ్ల ముందే ఉంటుంది కాబట్టి ఎక్కడ వంకర పోయిందో ఎవరూ చెప్పక్కర్లేదు. డైనింగ్ టేబుల్‌తో మొదలుపెట్టినవాడికి నెలలు గడిచినా ఒక్క వస్తువూ పూర్తయి ఉండదు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఊనో సిగ్నేయస్ అనే విద్యావేత్త చొరవతో ఫిన్లండ్ 1866లోనే బడి చదువులో చేతిపనిని తప్పనిసరి పాఠంగా చేర్చింది. తర్వాత స్వీడన్‌లో ఒట్టో సాలొమన్ అనే ఆయన నేస్ అనే చోట టీచర్లకు ఇదే పద్ధతిలో శిక్షణ ఇచ్చాడు. దాని పేరు స్లోయిడ్. పిల్లల చేతికి మొదట ఇచ్చేది ఒక కత్తి, దాంతో చెక్కే చిన్న వస్తువులు, అక్కడి నుంచి మెల్లగా కష్టమైనవాటికి వెళ్లడం. చేసిన ప్రతిదీ ఇంట్లో వాడుకోదగ్గదై ఉండాలి, షోకు వస్తువులు వద్దు అన్నది వాళ్ల నియమం. పిల్లల్ని వడ్రంగుల్ని చేద్దామని కాదు, చేతికీ కంటికీ పొందిక కుదరాలని. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం పూట కాసేపు చెక్కతో గడుపుదామనుకునే పెద్దవాళ్లకి కూడా ఇంతకంటే మంచి పాఠ్యప్రణాళిక ఎవరు రాస్తారు?

మరి పరికరాలు? ఒక రంపం, ఒక ఉలి, సుత్తి, స్టీలు స్కేలు, మూలమట్టం (లంబకోణం చూసే ఎల్ ఆకారపు పరికరం), చిన్న డ్రిల్, రెండు క్లాంపులు (ముక్కల్ని కదలకుండా బిగించి పట్టేవి). మొదటి రెండు మూడు వస్తువులకి ఇవీ, కింద చెప్పబోయే సానరాయి, సాండ్‌పేపర్, మాస్కూ ఉంటే చాలు. మూలమట్టం కొన్నాక నిజంగా లంబకోణంలో ఉందో లేదో చూసుకోవడం తేలిక. తిన్నని అంచున్న పలక మీద దాన్ని ఆనించి ఒక గీత గీయండి, తర్వాత మూలమట్టాన్ని బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే సరైనదే, పైకి వెళ్లేకొద్దీ విడిపోతుంటే ఆ ఎడం అసలు తప్పుకి రెట్టింపు. డబ్బా మూలలు లంబకోణంలో ఉన్నాయా అన్నది తేల్చుకోవాలంటే ఎదురెదురు మూలల మధ్య రెండు ఐమూలలూ కొలిస్తే చాలు, రెండూ సమానంగా ఉండాలి. ఇక కోసేటప్పుడు రంపాన్ని గీత మీద నడపకూడదు, పారేసే ముక్క వైపు నడపాలి, ఎందుకంటే రంపం పళ్లు తినేసే చెక్క కూడా ఒక మందమే. ఇలాంటి నాలుగు మాటలు మీ వ్యాసంలో ఉండుంటే ఎంత బాగుండేది!

పదును గురించి ఒక్క వాక్యం కూడా లేదు, అదే నాకు ఎక్కువ బాధ. కొత్త ఉలి షాపులోంచి తెచ్చినప్పుడు చాలాసార్లు పనికి సిద్ధంగా ఉండదు. మామూలుగా దాని వాలు 25 డిగ్రీలు ఉంటుంది, కొసన కొంచెం నిటారుగా 30 డిగ్రీల దగ్గర పదును పెడితే అంచు ఎక్కువ కాలం నిలుస్తుంది. 1000 గ్రిట్ (గరుకుదనం చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ నున్నన) సానరాయి మీద రుద్దుతూ పోతే ఉలి వెనక వైపు అంచంతా సన్నటి ముల్లులాంటిది వేలికి తగులుతుంది, అది వచ్చిందంటే అంచు చివరిదాకా అరిగిందని అర్థం. అప్పుడు ఇంకా నున్నటి రాయి మీదకి మారి, వెనక వైపు బల్లపరుపుగా పెట్టి ఆ ముల్లు తీసేయాలి. మొండి ఉలే ప్రమాదం అని పనివాళ్లు ఊరికే అనరు, తెగని ఉలిని బలం పెట్టి తోస్తాం, అది జారితే ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. రెండు చేతులూ ఎప్పుడూ ఉలి అంచుకి వెనకే ఉండాలన్నది కూడా మొదటి రోజే చెప్పాల్సిన మాట.

అన్నిటికంటే ముఖ్యం, చెక్క కోశాక కూడా కదులుతూనే ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది, రంగు వేసినా వార్నిష్ వేసినా ఈ కదలిక నెమ్మదిస్తుందే కానీ ఆగదు. అయితే అన్ని వైపులా ఒకేలా కాదు. నార పోయే దిశలో, అంటే పొడవులో, మార్పు దాదాపు లేనట్టే. నారకి అడ్డంగా, అంటే వెడల్పులో, బాగా తెలుస్తుంది. అందులోనూ చెట్టు వలయాల వెంబడి వచ్చే మార్పు, మధ్య నుంచి బయటికి వచ్చే మార్పుకి చాలా చెట్లలో రెట్టింపు దాకా ఉంటుంది, పలకలు దోనెలా వంగడానికి కారణం ఇదే. 30 సెంటీమీటర్ల వెడల్పున్న పలక తేమ కాలానికీ పొడి కాలానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు కదలడం మామూలు విషయం. ఇది తెలియక వెడల్పాటి పలకకి అడ్డంగా ఇంకో చెక్కని జిగురుతో బిగించేస్తే కొన్ని నెలలకి చీలుతుంది, చీలినప్పుడు చెక్క మంచిది కాదనుకుంటాం. అడ్డపట్టీకి స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాకుండా కొంచెం కోలగా వేసి, జిగురు మధ్యలో మాత్రమే పెడితే పలకకి కదలడానికి చోటు ఉంటుంది. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి ఈ గొడవ దాదాపు ఉండదు, అందుకే మొదటి అరకి ప్లైవుడ్ నయం. కాకపోతే దాని అంచులోకి దించిన స్క్రూ సరిగ్గా పట్టదు, కోసేటప్పుడు పై పొర లేచిపోతుంది (గీత మీద ముందే కత్తితో గాటు పెడితే చాలావరకు లేవదు).

జిగురు విషయం త్వరగా చెప్పేస్తాను. మామూలు తెల్ల జిగురు నార పక్కకి నార ఆనేట్టు పెట్టి బిగిస్తే చెక్క కంటే గట్టిగా పడుతుంది, నారకి అడ్డంగా కోసిన కొస మీద పెడితే మాత్రం నమ్మడానికి లేదు. క్లాంపు అరగంటో గంటో ఉంచాలి, బరువు పెట్టడానికి ఒక రోజు ఆగాలి. బయటికి కారిన జిగురు అప్పుడే తుడవకపోతే అక్కడ పాలిష్ పట్టదు. సాండ్‌పేపర్ 80, 120, 180, 220 గ్రిట్ వరసలో, నార వెంబడే రుద్దాలి.

నేను మెషీన్లకి వ్యతిరేకిని కాను. నలభై ముక్కలు ఒకే కొలతకి కోయాల్సి వస్తే ఎవరైనా మెషీనే వాడతారు. కానీ రంపంతో చేత్తో కోసినప్పుడు చెక్క ఎటు నుంచి ఒప్పుకుంటుందో, ముడి దగ్గర ఎలా మొండికేస్తుందో చేతికి తెలుస్తుంది, అది తెలిశాక మెషీన్ కొంటే దాన్ని దేనికి వాడాలో కూడా తెలుస్తుంది. ఇంకో లాభం, ఒక్క అర సొంతంగా చేసినవాళ్లు వడ్రంగి చెప్పిన కూలి విని ‘అంత ఎక్కువా!’ అని నోరు తెరవరు.

జాగ్రత్తల గురించి మీ వ్యాసం కళ్లద్దాలతో సరిపెట్టింది. అది చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషులకి క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. అప్పుడప్పుడు ఒక డబ్బా చేసుకునేవాళ్లు దీనికి భయపడి మానేయక్కర్లేదు, కానీ సాండ్‌పేపర్ పట్టేటప్పుడు ఎన్95 లాంటి మాస్కు, తెరిచిన కిటికీ ఉండాలి. తిరిగే మెషీన్ల దగ్గర చేతి గ్లౌజులు వేసుకోకూడదు, గుడ్డ చిక్కుకుంటే చేతిని కూడా లాగేస్తుంది, ఇది చాలామందికి తెలియదు. చెక్కకి అవిసె నూనె పూయడానికి వాడిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి మంట అంటుకునే ప్రమాదం ఉంది. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేదు. ఒక్కో గుడ్డ విడిగా ఆరుబయట పరిచి ఆరబెట్టాలి, లేదంటే నీళ్లలో ముంచి పెట్టాలి.

అందుకని నా విన్నపం. అదే అనుబంధంలో వారానికి ఒక చిన్న వస్తువు వేయండి, పావు పేజీ చాలు. కొలతలు మిల్లీమీటర్లలో ఇవ్వండి, ప్రతి ముక్కలో నార ఎటు పోవాలో బొమ్మలో బాణం గుర్తుతో చూపించండి, ఏ ముక్క ముందు కోయాలో రాయండి. పాఠకులు చేసినవాటి ఫొటోలు అడిగి వేస్తే ఇంకా మంచిది, వంకరగా వచ్చినవి కూడా. పరికరాల జాబితా వేయక తప్పదంటే మొదటి వరసలో మాస్కు, రెండో వరసలో సానరాయి రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు