రంగు చూసి పడవ కొన్నాను

సంపాదకులకు,

మాది కళింగపట్నం. వంశధార మొగలో తిప్పుకుందామని పాత తెరచాప పడవ కొన్నాను. తెరచాప కట్టే నిలువు కొయ్య అల్యూమినియంది, దానికి తళతళలాడే కొత్త రంగు. కొయ్యను నిలబెట్టే తీగలు పట్టి ఉంచే స్టీలు పట్టీ దగ్గర రంగు పొంగి ఉంటే గోటితో గీకాను. సున్నంలా తెల్లపొడి రాలింది. రివెట్టయితే వేలితోనే కదిలింది! స్టీలు, అల్యూమినియం ఆనుకున్నచోట ఉప్పునీరు చేరితే తినేసేది అల్యూమినియాన్నేనట. మధ్యలో నైలాన్ వాషరు వేయాల్సిందని వెల్డింగు షాపు తమ్ముడు చెప్పాడు, అదీ డబ్బు ఇచ్చేశాక. కొయ్య కొన మీది కప్పీ సంగతి సరేసరి, తిరగనే తిరగదు. పాత పడవ కొనేవాళ్లకు కొయ్య దించి బిగింపులు ఎలా చూసుకోవాలో మత్స్యశాఖవారు ఒక పూట రేవులో చూపిస్తే బాగుంటుంది.

- ఒక పాఠకుడు, కళింగపట్నం, శ్రీకాకుళం జిల్లా