కర్నూలు టిఫిన్‌కి ఆగే ఊరేనా?

సంపాదక మహాశయులకు,

సంక్రాంతి సెలవులకు ఎక్కడికి వెళ్లాలో చెబుతూ మీ ఆదివారం సంచికలో వేసిన వ్యాసం చదివి వారం దాటింది. పోనీలే అని ఊరుకుందామనుకున్నా మనసొప్పక రాస్తున్నాను. అరకు, తిరుపతి, శ్రీశైలం, గండికోట అన్నీ రాశారు. కర్నూలు పేరు ఒక్కచోటే వచ్చింది. అదీ హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లేవాళ్లు కారు ఆపి టిఫిన్ చేయడానికి బాగుంటుందని! 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు రాజధాని అయిన ఊరు ఇది. చాలినన్ని భవనాలు లేక గుడారాల్లో ఆఫీసులు పెట్టి మరీ పాలన నడిపారు. అలాంటి ఊరికి మీరిచ్చిన విలువ ఇదా?

సెలవుల్లో కూడా క్యూలైన్లు, తోపులాట, రూము దొరుకుతుందా లేదా అన్న టెన్షన్ ఎందుకండీ? మూడు నాలుగు రోజులు నిదానంగా గడపాలనుకునే కుటుంబం కర్నూలులో దిగి, రోజుకి ఒక్క చోటు చూసుకుంటే చాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల రావాలి. ఏప్రిల్, మే ఎండల్లో రమ్మని నేను ఎవరికీ చెప్పను. కొండారెడ్డి బురుజు ఊరి నడిబొడ్డునే ఉంది. హంద్రీ నది ఒడ్డున ఒకప్పుడు కర్నూలును పాలించిన అబ్దుల్ వహాబ్ సమాధి ఉంది, దాన్నే గోల్ గుమ్మజ్ అంటారు. పొద్దున ఈ రెండూ చూసి, మధ్యాహ్నం హాయిగా పడుకుని, సాయంత్రం తుంగభద్ర వైపు నడవొచ్చు. ఓర్వకల్లు రాతివనానికి ఇంకో పూట.

అలంపురానికి మాత్రం ఒక రోజంతా ఉంచుకోవాలి. నది దాటితే వచ్చేస్తుంది. బాదామి చాళుక్యులు 7వ శతాబ్దం నుంచి కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు అక్కడున్నాయి. పేరుకి బ్రహ్మ, లోపల ఉన్నది శివుడు. ఒక్క తారకబ్రహ్మ ఆలయం తప్ప మిగతా వాటి శిఖరాలన్నీ ఉత్తరాది గుళ్ల మాదిరిగా వంపు తిరుగుతూ పైకి లేస్తాయి. స్వర్గబ్రహ్మ ఆలయం చుట్టూ తిరిగి గోడల మీది బొమ్మలు ఒక్కొక్కటే చూస్తే టైమే తెలియదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టింది కూడా అలంపురంలోనే. అంత ఓపికగా, అంత శ్రద్ధగా పని చేసిన ఉద్యోగులు ఒకప్పుడు మనకూ ఉన్నారు.

ఇప్పుడేమో ఎవరి గీత వారిది. అలంపురం తెలంగాణలో ఉందని ఇక్కడివాళ్లు దాని మాటెత్తరు. 2022లో నంద్యాల జిల్లా విడిపోయాక బెలుం గుహలు, యాగంటి, మహానంది అటు పోయాయి. ఇక కర్నూలులో చూపించడానికి ఏముందిలే అని కూర్చున్నారు. చుట్టం చూపుగా వచ్చే మనిషికి జిల్లా సరిహద్దులతో ఏం పని? ఎర్రగుడి అశోకుడి శాసనాల దగ్గరికి బస్సులో ఎలా వెళ్లాలని ఒక పర్యాటక కార్యాలయంలో అడిగితే, అక్కడి ఉద్యోగి శ్రీశైలం ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టాడు. నేను మళ్లీ అడిగాను. ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు. ఎర్రగుడి లఘు శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి, ఎద్దులు సాలు తిరిగినట్టు చెక్కి ఉంటాయి. బ్రాహ్మీ లిపిలో ఇలాంటిది చాలా అరుదు. దాని గురించి నాలుగు ముక్కలు చెప్పలేని మనిషిని ఆ కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టారు?

ఆ ఒక్క ఉద్యోగిని అని లాభం లేదు. పర్యాటక అభివృద్ధి అంటే పాత కట్టడానికి రంగు లైట్లు పెట్టడం, రిబ్బన్ కత్తిరించడం, ఫొటో దిగి కారెక్కడం అయిపోయింది. ఆ కట్టడం ఎవరు కట్టారో చెప్పే బోర్డు ఉందా, ఉంటే తెలుగులో తప్పుల్లేకుండా ఉందా, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉందా అని చూసేవాళ్లు లేరు. జనం కూడా తక్కువేం కాదు. వందల ఏళ్ల రాళ్ల మీద మేకుతో పేర్లు గీకే కుర్రాళ్లను పక్కనే నిలబడ్డ పెద్దవాళ్లు ఒక్క మాట అనరు. 2021లో ఓర్వకల్లులో విమానాశ్రయం తెరిచారు, సంతోషం. దిగినవాళ్లకు ఈ ఊళ్లో ఏం చూడాలో చెప్పేదెవరు?

నేను కోట్లు ఖర్చు పెట్టమనడం లేదు. ఊళ్లో చూడదగ్గ చోట్లు, చుట్టుపక్కలకి వెళ్లే బస్సులు, వాటి వేళలు ఒక్క కాగితం మీద తెలుగులో అచ్చు వేసి బస్టాండులో, రైల్వేస్టేషన్‌లో, హోటళ్లలో పెట్టమంటున్నాను. రాజధాని గుడారాలు వేసిన చోట ఒక శిలాఫలకం పెట్టమంటున్నాను. రెండు రాష్ట్రాల అధికారులూ ఒక్కసారి కూర్చుని కర్నూలు, అలంపురం కలిపి చూసేలా సెలవు రోజుల్లో బస్సు నడపమంటున్నాను.

మీకూ ఒక మనవి. అందరికీ తెలిసిన ఆ పది పేర్లే ప్రతి ఏడాదీ వేయకండి. శ్రీకాకుళం, నెల్లూరు, నల్గొండ లాంటి ఊళ్లకు మీ విలేకరులను పంపి, రెండు రాత్రులు అక్కడ ఉండి రాయమనండి. ముందుగా కర్నూలుకే పంపండి. తిప్పి చూపించడానికి మా ఊళ్లో మాస్టర్లు, లెక్చరర్లు చాలామంది సిద్ధంగా ఉన్నారు, నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కర్నూలు