మిర్యాలగూడ వెల్డింగ్ చాచాకు, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

చాచా కింద వేసిచ్చిన పైపులతో మా బండి గుట్ట ఎక్కింది. కాయ నింపుకొని దిగింది కూడా. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, కానీ ఇది రాయకుండా పడుకోలేను. రేపు అనుకుంటే మళ్లీ పనుల్లో పడిపోతాను.

తెలియని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. మా బత్తాయి తోట దేవరకొండ దాటినాక చందంపేట వైపు, గుట్ట అవతల ఉంటుంది. తారు రోడ్డు ఆగిన చోటు నుంచి తోట దాకా ఉన్నది బండరాళ్ల బాట. కిందటి వానలకు మట్టి కోసుకుపోయి రాళ్లు ఇంకా పైకి తేలాయి. మాది బొలెరో క్యాంపర్, వెనక సామాను తొట్టి ఉండే బండి. చక్రం రాయి మీద నుంచి జారిందంటే తలుపుల కింది అంచు నేరుగా రాయి మీద కూర్చుంటుంది. ఎడమ వైపు అట్లనే నొక్కుకుపోయి వెనక తలుపు తెరుచుకోవడం మానేసింది. కత్తెర కాపు బత్తాయి కోతకొచ్చింది. కిరాయి బండ్ల వాళ్లు ఆ బాట పేరు చెబితేనే రామన్నారు. ఆ టెన్షన్ చెప్పలేను.

దీనికి మార్గం రాక్ స్లైడర్లు, అంటే తలుపుల కింద రెండు పక్కలా బిగించే గట్టి ఇనుప పైపులు. ఇవీ ఫుట్ స్టెప్పులూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. మామూలు స్టెప్పు కాలు పెట్టి ఎక్కడానికే, రాయి తగిలితే వంగి తలుపులోకే దూరుతుంది. స్లైడర్ ఛాసిస్‌ను, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రాన్ని, పట్టుకొని ఉంటుంది. బండి బరువంతా దాని మీద పడినా ఛాసిస్ మోస్తుంది, బాడీకి దెబ్బ తగలదు, బండి రాయి మీద నుంచి జారి ముందుకు పోతుంది.

థార్‌కో జిమ్నీకో అయితే రెడీమేడ్ దొరుకుతాయి. క్యాంపర్‌కూ ఉన్నాయని ఒక కంపెనీ చెబితే డబ్బంతా ముందే కట్టి తెప్పించాం. వచ్చినవి మా ఛాసిస్ రంధ్రాలకు కలవలేదు, పైపు రేకు కూడా పలచన. ఫోన్ చేస్తే "లోకల్‌గా డ్రిల్ చేయించుకోండి సార్" అన్నారు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు, డబ్బు వాపసు సంగతి ఇప్పటికీ చెప్పలేదు. ఇక సొంతంగా చేయించుకోవాల్సిందే అని పైపు కోసం మిర్యాలగూడ వెళ్లాను. అది రైస్ మిల్లుల ఊరు. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్లు ఉంటాయి కాబట్టి గట్టి పైపు దొరుకుతుందని మా బామ్మర్ది అన్నాడు.

దుకాణంలో నేను కొలతలు అడుగుతుంటే పక్క బెంచీ మీద ఒక పెద్దాయన వింటున్నాడు. "దేనికి బేటా పైపు?" అన్నాడు. చెప్పాను. లేచి వచ్చి బండి కిందికి దూరాడు. పరిచయం లేదు, పేరు అడగలేదు, బట్టలకు మట్టి అవుతుందని కూడా చూడలేదు. బయటికొచ్చి చాక్‌పీసుతో నేల మీద బొమ్మ గీశాడు. బాయిలర్ పైపుల వెల్డింగ్‌లో ముసలివాడైన మనిషి అని దుకాణం ఆయన చెప్పాడు.

మా ఊళ్లో అందరూ పాత బోరు జీఐ పైపులు వాడుకోమన్నారు. చాచా వద్దే వద్దన్నాడు. దాని మీద జింక్ పూత ఉంటుంది, కాలినప్పుడు వచ్చే పొగ పీలిస్తే చలి జ్వరం పట్టుకుంటుంది, వెల్డింగ్ కూడా సరిగా కుదరదు. ఆయన ఇప్పించింది ఇంచున్నర సీమ్‌లెస్, అంటే పొడవునా అతుకు లేని పైపు, మందం లెక్కలో షెడ్యూల్ 40 రకం. బయటి కొలత 48.3 మిల్లీమీటర్లు, రేకు మందం 3.68. మీటరు నాలుగు కిలోల బరువు. "రాత్రి మిల్లు పని అయినంక తీస్కరా, నేనే చేస్త" అన్నాడు. ఎంత తీసుకుంటావు చాచా అంటే వినిపించనట్టే పోయాడు.

ఆ రాత్రి చూసింది రాయకపోతే నా మనసు ఒప్పదు. ముందు బ్యాటరీ తీగలు ఊడదీయించాడు. డీజిల్ పైపు, బ్రేకు పైపు, వైరింగ్ ఎక్కడున్నాయో చేత్తో తడిమి చూసి పక్కకు కట్టాడు, తడి గోనెపట్టాలు కప్పాడు. పైపును నేరుగా ఛాసిస్‌కు అతికించలేదు. ఆరు మిల్లీమీటర్ల పలకలు ముందు ఛాసిస్‌కు వేసి, వాటి మీద కాళ్లు నిలబెట్టాడు, ఒక్కో వైపు మూడు. అట్లయితే బరువు ఒక్క చోట పడదట. ఛాసిస్ పొడవుకు అడ్డంగా, పై నుంచి కిందికి ఎక్కడా వెల్డింగ్ గీత లాగలేదు, అక్కడే పగులు మొదలవుతుందన్నాడు. వేడికి ఛాసిస్ వంకర పోకుండా ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం అతికాడు. వెల్డింగ్ రాడ్లు 7018 రకం. తేమ తగిలితే పనికిరావని ఓవెన్‌లో వేడి చేసి తెచ్చాడు. పైపును వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల ఎండు ఇసుక నింపి ఎర్రగా కాల్చాడు. వెనక చివర కొంచెం బయటికి వంచాడు, వెనక చక్రం రాయిని తప్పుకునేలా. బాడీ రబ్బరు బుష్‌ల మీద కదులుతుందని పైపుకూ బాడీకీ మధ్య ఖాళీ వదిలాడు.

అంతా అయిపోయింది అనుకున్నాం. అప్పటికే అర్ధరాత్రి దాటింది. చాచా అతుకు మీద గట్టిపడిన పెంకు (స్లాగు) కొట్టి, టార్చి పెట్టి చూసి, కుడి వైపు నడిమి కాలు దగ్గర ఆగాడు. నా కంటికి ఏ లోపమూ లేదు. ఆయన గ్రైండర్ తీసుకొని ఆ అతుకంతా కోసేసి మళ్లీ మొదలుపెట్టాడు. బాగానే ఉంది కదా చాచా, ఇంటికి పోదాం అన్నాను. "బాయిలర్ అయితే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తడు. దీన్ని చూసేటోడు ఎవరున్నరు బేటా? నీ పిల్లలు కూసుంటరు ఇందుల" అన్నాడు. నేను బండి వెనక్కి వెళ్లి ఏడ్చాను. డబ్బంతా ముందే తీసుకున్న వాళ్లు మా ఫోనే ఎత్తని రోజుల్లో, ఎవరో తెలియని మనిషి నా పిల్లల కోసం బాగున్న అతుకును మళ్లీ వేశాడు.

చివరికి జాకీని పైపు నడుమ పెట్టి ఎత్తాడు. ఆ పక్క రెండు చక్రాలూ నేల వదిలాయి, పైపు ఇంచు కూడా వంగలేదు. డబ్బులు చేతిలో పెడితే రాడ్లకూ డిస్కులకూ లెక్క చూసుకొని మిగతావి నా జేబులో కుక్కాడు. ఇవాళ పొద్దున తనే ఫోన్ చేశాడు, "గుట్ట ఎక్కిందా?" అని.

మా ఇంట్లోవాళ్లకు, తమ్ముడికి, బామ్మర్దికి థ్యాంక్స్.

ఒక మాట చెప్పక తప్పదు. ఆ బాటకు మొరం పోసి నాలుగు కల్వర్టులు వేస్తే ఈ పైపులతో నాకు పనే లేదు. దరఖాస్తులు ఇచ్చీ ఇచ్చీ అలసిపోయాం. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు పేరు చెబుతుంది, ఎన్నికలప్పుడు కొలతలు తీసుకుపోతారు. ఇటు చూస్తే 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ బండ్లకు క్రాష్ గార్డులు, బుల్ బార్లు పెట్టేవాళ్ల మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. ముందు బంపర్‌కు పెట్టేవి పాదచారులకు ప్రమాదం, అది నేనూ ఒప్పుకుంటాను. బండి వెడల్పు దాటకుండా పక్కన కింద ఉండే ఈ పైపు సంగతేమిటని అడిగితే ఒక్కో అధికారి ఒక్కో మాట. రోడ్డు వేయరు, రోడ్డు లేని చోట బండిని ఎట్లా కాపాడుకోవాలో చెప్పరు. పండించేవాడే అన్నీ భరించాలా?

అయ్యో, కరెంటు ఇచ్చిన మిల్లు వాచ్‌మన్ అన్నను మర్చిపోయాను. ఆయన గేటు తీయకపోతే ఆ మిషన్ నడిచేదే కాదు. రాత్రంతా టార్చి పట్టుకున్న చాచా మనవడికి కూడా. పాత స్టెప్పుల తుప్పు బోల్టులు గ్యాస్ కట్టర్‌తో కోసిచ్చిన కొండమల్లేపల్లి మెకానిక్ తమ్ముడికి. బండి లేనప్పుడు ట్రాక్టర్‌తో మా కూలీలను తోటకు దింపిన తండా అన్నలకు. రెడ్ ఆక్సైడ్ డబ్బా ఉద్దెరకు ఇచ్చిన పెయింట్ షాపు ఆయనకు, డబ్బులు సోమవారం తెస్తాను అన్నా.