దమ్ము అని వదిలేయకండి, గుండె చప్పుడు వినండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. మా నాయనకు 68 ఏళ్లు. రెండేళ్ల కింద మిర్చి చేను గట్టు ఎక్కుతుంటే ఆయాసం మొదలైంది. బీడీలు తాగిన మనిషి, వయసూ మీద పడింది, దమ్మే, అంటే ఉబ్బసమే, అయ్యుంటుందని మేం అనుకున్నాం, చూపించిన చోటా అదే అన్నారు, అట్లా ఏడాదిన్నర ఇన్‌హేలర్ పీలుస్తూ గడిచిపోయింది. చివరికి బిందె ఎత్తబోయి కళ్లు తిరిగి పడిపోతే గోదావరి దాటించి వరంగల్ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ఛాతీకి స్టెతస్కోప్ ఆనించిన నిమిషంలోనే గుండెలో గరగర వినిపిస్తోంది, వెంటనే ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించండి అంది. అయోర్టిక్ వాల్వ్ స్టెనోసిస్, అంటే గుండె వాల్వ్ ఇరుకైపోవడం, అని తేలింది.

గుండె నుంచి ఒంటికంతా రక్తం పోయే దారిలో మూడు రేకుల వాల్వ్ ఉంటుంది. వయసుతో దాని మీద కాల్షియం పేరుకుని రేకులు బిగుసుకుపోతాయి. పుట్టుకతో రెండే రేకులున్నవాళ్లకు ఇంకా ముందే వస్తుంది, చిన్నప్పటి రుమాటిక్ జ్వరం (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చి గుండెను దెబ్బతీసే జ్వరం) వల్ల కూడా వస్తుంది. 3, 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సింది 1 కంటే తగ్గితే తీవ్రమైనట్టు. నాయనది 0.8. మాత్రలతో అది తెరుచుకోదు, ముదిరాక వాల్వ్ మార్చాల్సిందే. ఆయాసం, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం మొదలయ్యాక అట్లాగే వదిలేస్తే చాలామంది రెండు మూడేళ్లకు మించి బతకరు. మేం ఇన్‌హేలర్ మీద పోగొట్టుకున్న ఏడాదిన్నర ఆ లెక్కలోదే, ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మా మహారాష్ట్ర రేషన్ కార్డుకు తెలంగాణ ఆరోగ్యశ్రీ వర్తించదు, అమ్మ బంగారం కుదువపెట్టి ఆపరేషన్ చేయించాం. జంతు కణజాలంతో చేసిన వాల్వ్ వేశారు. అది పదీ పదిహేనేళ్లు పనిచేస్తుందట. ఇప్పుడు నాయన చేను దాకా నడిచి పోతున్నాడు. పళ్లు శుభ్రంగా ఉంచుకోవాలి, పన్ను పీకించాలన్నా ముందే వాల్వ్ సంగతి చెప్పాలి, ఎందుకంటే నోట్లోంచి క్రిములు రక్తంలోకి పోయి కొత్త వాల్వ్‌ను పట్టుకుంటాయి.

ఆరోగ్య శాఖ వాళ్లను నేను అడిగేది పెద్ద ఆసుపత్రి కాదు. బీపీ, షుగర్ చూసే రోజున అరవై దాటినవాళ్ల గుండె చప్పుడు కూడా వినండి. నెలకొక్క రోజైనా గుండె డాక్టరు ఎకో మిషన్‌తో సిరోంచకు వచ్చేట్టు చేయండి, గరగర వినబడినవాళ్లను ఆ రోజు చూడొచ్చు. మా వాడలోనే ఇద్దరు ముసలివాళ్లు పది అడుగులకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నారు, వాళ్లది నిజంగా దమ్మో కాదో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఒక పాఠకుడు,
సిరోంచ, గడ్చిరోలి జిల్లా